వెలుగు పడని చోట కూర్చున్నవారు
ప్రపంచ ప్రసిద్ధి చెందిన రాక్ బృందాల వెనుక కీబోర్డు వాయించినవారి జీవితాలు



పాట బాగుంటే పాడినవారిని మెచ్చుకుంటాము. శృతి తప్పితే మాత్రము అందరి చూపులూ కీబోర్డు వైపు తిరుగుతాయి. ఇది లోకమంతటా ఉన్న తీరే. ఇరవై మంది కూర్చునే ప్రార్థన మందిరములోను ఇదే, డెబ్బై వేలమంది చేరే మైదానములోను ఇదే.

ఈ నెల మేము మీకు పరిచయము చేయబోయేది అటువంటి కొందరు వాద్యకారులను. ఇంగ్లాండు, అమెరికా దేశాల్లోని పేరుపొందిన రాక్ బృందాలతో ఊరూరా తిరిగి వాయించినవారు వీరు. ఆ సంగీతము మన ఇళ్ళలో ఎక్కువగా వినిపించేది కాదు. ఆ బృందాల నడవడి అంతా మనకు నచ్చేదీ కాదు. అయినా ఈ మనుష్యుల బ్రతుకుల్లో పని, కూలి, గుర్తింపు, అవమానము, ఓర్పు, కుటుంబము అన్నీ ఉన్నాయి. పొలములోనైనా, ఆఫీసులోనైనా, సంఘములోనైనా మరొకరి పేరు మీద కష్టపడుతున్న ప్రతివారికి ఈ సంగతులు తెలిసినవే.

ఇంతకీ వీరి పని ఏమిటి?

రాక్ బృందము అంటే సాధారణముగా నలుగురైదుగురు. ఒకరు పాడతారు, ఒకరిద్దరు గిటారు మీటుతారు, ఒకరు బేస్ గిటారు, ఒకరు డ్రమ్స్. గోడ పత్రికల మీద, క్యాసెట్ల అట్టల మీద వీరి బొమ్మలే ఉంటాయి. కాని సభ జరిగే రాత్రి వేదిక మీద లెక్కపెడితే ఒకరో ఇద్దరో ఎక్కువ కనిపిస్తారు. ఆ ఎక్కువైన వ్యక్తి చాలాసార్లు కీబోర్డు వాద్యకారుడే.

ఆయన అవసరము ఎందుకు వస్తుంది? రికార్డింగు గదిలో ఒక పాటను పొరలు పొరలుగా తయారు చేస్తారు. మొదట పియానో వాయించి, దాని మీద ఆర్గాన్, దాని మీద వయొలిన్ల మోత, ఆపైన బూరల శబ్దము చేరుస్తారు. ఇంట్లో ఆ పాట విని ఇష్టపడినవారు టిక్కెట్టు కొని సభకు వస్తారు. వారికి అదే పాట, అదే నిండుదనముతో వినిపించాలి. గిటారు మీటేవారికి రెండు చేతులే. కనుక మిగిలినదంతా కీబోర్డు వాద్యకారుని మీద పడుతుంది.

ఆయన చుట్టూ రెండు, మూడు, ఒక్కొక్కసారి నాలుగు కీబోర్డులు మెట్లు మెట్లుగా అమర్చి ఉంటాయి. ఎడమ చేయి ఆర్గాన్ మీద, కుడి చేయి పియానో మీద, కాలు శబ్దాన్ని పెంచి తగ్గించే పెడల్ మీద. ఒక పాట ముగిసి మరొకటి మొదలయ్యే ఆ కొద్ది క్షణాల్లో శబ్దాలన్నీ మార్చుకోవాలి. 1983లో మిడి అనే ఏర్పాటు వచ్చింది. దానితో ఒక కీబోర్డు మీద వాయిస్తే దానికి తీగతో కలిపిన మరొక వాద్యము కూడ పలుకుతుంది. ఈ ఏర్పాటు వచ్చాక పని కొంత తేలికైంది. అంతకు ముందు ప్రతి శబ్దానికి ఒక బరువైన పెట్టెను లారీలో వేసుకుని తిరగవలసిందే.

వాయించడముతోనే పని అయిపోదు. పాడేవారికి శృతి అందించాలి. వారి గొంతు అలసిన రాత్రి పాటను అర మెట్టు దించి వాయించాలి. పాడేవారు ఉత్సాహములో ఒక చరణము రెండుసార్లు అందుకుంటే, తడబడకుండా వెంట నడవాలి. గిటారు తీగ తెగితే ఆ ఖాళీ ఎవరికీ తెలియకుండా నింపాలి. ఇదంతా చేసి, ఎవరి కంటా పడకుండా ఉండాలి.

చర్చిల కోసము చేసిన వాద్యము

ఈ వాద్యకారులు వాడే వాద్యాల కథ కూడ వినదగినది. రాక్ సంగీతములో ఎంతో పేరుపొందిన హమాండ్ ఆర్గాన్ అసలు చర్చిల కోసము తయారైనది. అమెరికాలోని చికాగో నగరములో లారెన్స్ హమాండ్ అనే ఇంజనీరు ఉండేవారు. ఆయన వ్యాపారము విద్యుత్ గడియారాలు. పెద్ద పెద్ద గొట్టాలతో చేసే పైప్ ఆర్గాన్ కొనడము చిన్న సంఘాలకు తలకు మించిన భారము. గడియారములో తిరిగే మోటారు విద్యతోనే ఆర్గాన్ నాదము పుట్టించవచ్చునని ఆయన కనిపెట్టారు. అయస్కాంతాల ఎదుట పళ్ళ చక్రాలు తిరుగుతుంటే విద్యుత్తులో అలలు పుడతాయి, అవే స్వరాలుగా వినబడతాయి. 1935లో ఆ ఆర్గాన్ బజారుకు వచ్చింది. వేలాది చర్చిలు దానిని కొన్నాయి.

అమెరికాలోని నల్లజాతి సంఘాలు ఆ వాద్యానికి క్రొత్త ప్రాణము పోశాయి. డాన్ లెస్లీ అనే ఆయన ఆర్గాన్ కోసము ఒక స్పీకరు తయారు చేశారు. దానిలో బూర వంటి భాగము గిర్రున తిరుగుతుంది. అందువల్ల శబ్దము అలలు అలలుగా దగ్గరకు వచ్చి దూరము పోతున్నట్లు ఉంటుంది. ఆ హమాండ్, ఆ లెస్లీ కలిసి చేసే నాదము గాస్పెల్ ఆరాధనకు గుర్తుగా మారింది. అక్కడి నుండి అది జాజ్‌లోకి, తరువాత రాక్ వేదికల మీదికి వెళ్ళింది. పాత ఆర్గాన్ బరువు రెండు వందల కిలోలకు దగ్గర. దానిని మేడమెట్లు ఎక్కించి దించడానికే నలుగురు మనుష్యులు కావాలి.

రోడ్స్ పియానో అనే మరొక వాద్యము పుట్టుక ఇంకా ఆశ్చర్యము. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో హారల్డ్ రోడ్స్ అనే సంగీత ఉపాధ్యాయుడు అమెరికా సైన్యములో ఉన్నారు. గాయపడి ఆసుపత్రి మంచాల మీద ఉన్న సైనికులకు ఊరట కలిగించాలని, పాడైన యుద్ధ విమానాల అల్యూమినియం గొట్టాలతో ఒళ్ళో పెట్టుకుని వాయించే చిన్న పియానో చేశారు. ఆ ఆలోచనే క్రమేణా పెరిగి తరువాత వేదికల మీద మోగిన విద్యుత్ పియానో అయింది.

వ్యాను తోలిన పియానో వాద్యకారుడు

ఇయన్ స్టూవర్ట్ స్కాట్లాండులో పుట్టినవారు. లండన్ నగరములో ఒక రసాయనాల కంపెనీలో గుమాస్తా ఉద్యోగము చేస్తూ పియానో వాయించేవారు. 1962లో బ్రయన్ జోన్స్ అనే యువకుడు సంగీత బృందము కట్టదలచి పత్రికలో ప్రకటన వేస్తే, మొదట వచ్చి కలిసిన వ్యక్తి స్టూవర్టే. ఆ బృందమే రోలింగ్ స్టోన్స్. 1962 జూలై 12న లండన్‌లోని మార్కీ క్లబ్బులో ఆ బృందము మొదటిసారి వాయించినప్పుడు ఆయన పియానో ముందున్నారు.

మరుసటి సంవత్సరము ఆ బృందానికి క్రొత్త మేనేజరు వచ్చాడు. ఒక బృందములో ఆరుగురు ఎక్కువని, స్టూవర్ట్ ముఖము, ఒడ్డు పొడుగు మిగతావారితో పొసగవని తేల్చాడు. ఆయనను బొమ్మల్లోనుండి తీసివేశారు. తప్పు స్వరము వాయించినందుకు కాదు, కేవలము రూపము చూసి! కావాలంటే సామాను చూసుకుంటూ, రికార్డింగుల్లో పియానో వాయిస్తూ ఉండవచ్చునన్నారు.

మన ఇంటి బిడ్డకు ఇటువంటిది జరిగితే ఏమి చేయమంటాము? ఆ బృందము ముఖమే చూడవద్దంటాము. స్టూవర్ట్ వెళ్ళిపోలేదు. వ్యాను తోలారు, పెట్టెలు మోశారు, ఊరూరా బస చూశారు, సమయము వచ్చినప్పుడు పియానో ముందు కూర్చున్నారు. అలా 22 ఏళ్ళు. మైనర్ స్వరమేళాలు ఆయనకు గిట్టవు. పాటలో అవి వచ్చిన చోట కీల మీదనుండి చేతులు ఎత్తివేసేవారట! ఒకరి మెప్పు కోసము వాయించిన మనిషి కాదని దీనివల్లనే తెలుస్తున్నది. 1985 డిసెంబరు 12న డాక్టరును చూడడానికి వెళ్ళి, అక్కడ వేచి ఉన్న సమయములోనే గుండెపోటుతో మరణించారు. ఆయన వయస్సు 47.

1989లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వారు రోలింగ్ స్టోన్స్‌ను సన్మానించినప్పుడు, స్టూవర్ట్ పేరు కూడ తమతో చేర్చవలెనని ఆ బృందము కోరింది. చేర్చారు. గిటారు వాద్యకారుడు కీత్ రిచర్డ్స్ తరువాత తన ఆత్మకథలో, ఆ బృందము స్టూవర్ట్‌దేనని, తానింకా ఆయన క్రింద పని చేస్తున్నట్లే భావిస్తానని వ్రాశారు. గౌరవము వచ్చింది. అయితే ఆయన కన్నుమూసిన మూడేళ్ళకు వచ్చింది. బ్రతికి ఉండగా చెప్పవలసిన మాట సమాధి దగ్గర చెప్పడము మన ఊళ్ళలోనూ చూస్తూనే ఉన్నాము.

వ్యాధిని వెంటబెట్టుకుని

నిక్కీ హాప్కిన్స్ 1944లో లండన్‌లో పుట్టారు. చిన్ననాటనే రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చదివే అవకాశము సంపాదించుకున్నారు. అయితే క్రోన్స్ అనే ప్రేగుల వ్యాధి పట్టుకుంది. 1963లో ఆసుపత్రిలో చేరినవారు ఏడాదిన్నరకు పైగా మంచము మీదనే ఉన్నారు. లేచాక పర్యటనలు చేసే శక్తి లేక, రికార్డింగు గదుల్లో కూలికి వాయించడము మొదలుపెట్టారు. 1968లో బీటిల్స్ వారి రివల్యూషన్ పాటలో విద్యుత్ పియానో ఆయనదే. ఇంగ్లాండులోని పెద్ద బృందాల్లో ఆయన చేయి పడనిది అరుదు. 1971, 1972, 1973 సంవత్సరాల్లో రోలింగ్ స్టోన్స్‌తో పర్యటనలు కూడ చేశారు. బలహీనమైన దేహముతో ఆయన వాయించిన పియానో వింటే బలహీనత ఎక్కడా కనబడదు. 1994లో, 50 ఏళ్ళ వయస్సులో, అమెరికాలోని నాష్‌విల్ నగరములో మరణించారు.

అమ్మ ఒడిలో నేర్చినవాడు

ఇక బిల్లీ ప్రెస్టన్ కథ. ఇది మన చదువరులకు చాలా దగ్గరి కథ.

ప్రెస్టన్ 1946లో అమెరికాలోని హ్యూస్టన్‌లో పుట్టి, లాస్ ఏంజిలస్‌లో పెరిగారు. తల్లి చర్చిలో ఆర్గాన్ వాయించేది. మూడేళ్ళ వయస్సులో తల్లి ఒడిలో కూర్చుని పియానో కీలు నొక్కడము మొదలుపెట్టారు. గురువు దగ్గర పాఠాలు లేవు. చెవితో విని పట్టుకోవడమే. పదేళ్ళు వచ్చేసరికి గాస్పెల్ గాయనీమణి మహాలియా జాక్సన్ పాడుతుంటే ప్రక్కన ఆర్గాన్ వాయించే స్థాయికి వచ్చారు.

1962లో, 16 ఏళ్ళప్పుడు, లిటిల్ రిచర్డ్ అనే గాయకునితో ఇంగ్లాండు, జర్మనీ పర్యటనకు వెళ్ళారు. అక్కడ ఇంకా పెద్ద పేరు రాని నలుగురు కుర్రవాళ్ళతో స్నేహము కుదిరింది. వారే బీటిల్స్.

ఏడేళ్ళు గడిచాయి. 1969 జనవరి వచ్చేసరికి ఆ నలుగురి పేరు ప్రపంచమంతా మారుమ్రోగుతున్నది. కాని లోపల సఖ్యత లేదు. ఒకరి మాట ఒకరికి పడడము లేదు. జార్జ్ హారిసన్ విసిగి బృందాన్ని విడిచి వెళ్ళి, కొద్ది రోజుల తరువాత తిరిగి వచ్చారు. అదే సమయములో ప్రెస్టన్ ఏదో టీవీ కార్యక్రమానికి లండన్ వచ్చారు. జనవరి 22న పలకరిద్దామని వారి దగ్గరకు వెళితే, విద్యుత్ పియానో ముందు కూర్చోబెట్టారు. ఆయన వ్రేళ్ళు ఆడగానే గది వాతావరణము మారిపోయింది. అప్పటి చిత్రాల నుండి 2021లో పీటర్ జాక్సన్ కూర్చిన డాక్యుమెంటరీలో ఆ మార్పు కంటికి కనబడుతుంది. అంతవరకు ముడుచుకుని ఉన్న ముఖాలు విచ్చుకున్నాయి. ఇంటికి బంధువు వస్తే అన్నదమ్ములు పోట్లాట ఆపుకుంటారు కదా! అలాగే జరిగింది. జాన్ లెనన్ ఆయనను అయిదవ సభ్యునిగా చేర్చుకుందామన్నారు. పాల్ మెకార్ట్నీ మాత్రము నలుగురితోనే వేగలేకున్నామని నవ్వేశారు.

జనవరి 30న లండన్‌లోని తమ ఆఫీసు మేడ మీద, చలిగాలిలో బీటిల్స్ కలిసి చేసిన చివరి బహిరంగ కచేరీలో ప్రెస్టన్ రోడ్స్ పియానో వాయించారు. ఆ ఏప్రిల్‌లో గెట్ బ్యాక్ పాట రికార్డు బయటికి వచ్చినప్పుడు దాని మీద బీటిల్స్ పేరు ప్రక్కనే బిల్లీ ప్రెస్టన్ పేరు అచ్చువేశారు. వెనుక వాయించే వ్యక్తికి అటువంటి గౌరవము ఆ రోజుల్లో ఊహకు అందనిది.

1971లో మన దేశానికి సంబంధించిన ఒక కార్యములోనూ ఆయన పాలుపొందారు. తూర్పు పాకిస్తాన్ నుండి లక్షలాది శరణార్థులు భారత దేశానికి వచ్చి ఆకలితో అల్లాడుతున్న రోజులవి. సితారు విద్వాంసులు పండిట్ రవిశంకర్ కోరగా జార్జ్ హారిసన్ ఆగస్టు 1న న్యూయార్కులో సహాయ కచేరీ ఏర్పాటు చేశారు. అక్కడ ప్రెస్టన్ తన సొంత పాట ఒకటి పాడారు. దేవుని సంకల్పాన్ని గూర్చిన పాట అది. పాడుతూ పాడుతూ ఆర్గాన్ విడిచి లేచి, చిన్ననాటి చర్చిలోవలె ఆనందముతో నాట్యమాడారు. ఆ తరువాత 1975, 1976 పర్యటనల్లో రోలింగ్ స్టోన్స్‌తో ఊళ్ళూ దేశాలూ తిరిగారు.

కథ ఇక్కడితో ఆగితే బాగుండును. ఊరికి ఒక రాత్రి, నిద్రలేమి, చేతి నిండా డబ్బు, చుట్టూ మత్తు పదార్థాలు. ప్రెస్టన్ కొకైన్‌కు బానిస అయ్యారు. 1990లలో కోర్టులు, కేసులు, చివరికి జైలు శిక్ష. దేహము కూడ దెబ్బతిన్నది. మూత్రపిండాలు చెడిపోయి 2002లో మార్పిడి చేయవలసి వచ్చింది. అయినా ఆ ఏడాది నవంబరులో, తన పాత స్నేహితుడు జార్జ్ హారిసన్ జ్ఞాపకార్థము లండన్‌లో జరిగిన సభలో వచ్చి ఆర్గాన్ వాయించారు. 2006 జూన్ 6న మరణించారు. వయస్సు 59. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేరినది 2021లో, ఆయన పోయిన 15 ఏళ్ళకు.

అంత వరము ఉన్న బిడ్డకు అంత పాటు ఎందుకని తల్లిదండ్రులు అడగవచ్చును. వాయించడము నేర్పినవారు ఉన్నారు. వాయించి వచ్చిన తరువాత అర్ధరాత్రి హోటలు గదిలో ఒంటరిగా ఎలా ఉండాలో నేర్పినవారు లేరు. మేము చదివినంతలో మాకు తోచిన కారణము ఇదే.

జీతమా? వాటానా?

ఈ వృత్తిలో అతి ముఖ్యమైన ప్రశ్న కూలి గురించినది. బృందములో సభ్యుడైతే పాటల అమ్మకములో, టిక్కెట్ల రాబడిలో వాటా వస్తుంది. జీతానికి వాయించేవారికి ఒప్పుకున్న సొమ్ము మాత్రమే. పొలములో పాలుకు చేసేవానికీ, రోజు కూలికి వచ్చేవానికీ ఉన్న తేడా వంటిదే ఇది.

దీనికి ఒక విచిత్రమైన ఉదాహరణ ఉన్నది. పింక్ ఫ్లాయిడ్ బృందాన్ని మొదట కట్టినవారిలో రిక్ రైట్ ఒకరు. కీబోర్డు వాద్యకారుడు. 1979లో మనస్పర్ధలు వచ్చి ఆయనను బృందములోనుండి వెళ్ళగొట్టారు. అయినా తరువాతి రెండేళ్ళు జరిగిన ద వాల్ సభలకు ఆయన వ్రేళ్ళు కావాలి. కనుక జీతానికి పిలిచారు. తాను కట్టిన ఇంట్లోనే కూలివానిగా! ఆ సభల్లో వేదికకు అడ్డముగా పెద్ద గోడ కట్టి కూలగొట్టేవారు. ఖర్చు విపరీతమై నష్టము వచ్చింది. వాటాదారులైన ముగ్గురూ ఆ నష్టము భరించారు. నికరముగా సొమ్ము చేతికి వచ్చినది జీతగాడైన రైట్ ఒక్కరికే. కాలక్రమేణా ఆయన తిరిగి బృందములో పూర్తి సభ్యుడయ్యారు. 2008లో మరణించారు.

న్యాయస్థానము తలుపు తట్టినవారూ ఉన్నారు. ప్రోకల్ హారమ్ అనే బృందము 1967లో విడుదల చేసిన ఒక పాట ప్రపంచమంతా మ్రోగింది. దానిలోని హమాండ్ ఆర్గాన్ రాగము మాథ్యూ ఫిషర్ కూర్చినది. పాట హక్కుల్లో మాత్రము ఆయన పేరు లేదు. 38 ఏళ్ళ తరువాత, 2005లో, ఆయన దావా వేశారు. ఇంత ఆలస్యమా అని అవతలివారు వాదించారు. 2009లో ఇంగ్లాండు అత్యున్నత న్యాయపీఠము ఆయన పక్షముగా తీర్పు ఇచ్చింది. సంగీత హక్కులో నూటికి 40 పాళ్ళు ఆయనకు దక్కాయి. అయితే గడచిన ఏళ్ళ సొమ్ము రాలేదు, దావా వేసిన నాటినుండి మాత్రమే. మొదటి రోజే కాగితము మీద వ్రాసుకుని ఉంటే ఈ తిప్పలు లేకపోవును.

తెర చాటున

కొందరికి వేదిక మీద చోటు కూడ దొరకదు. బ్లాక్ సబ్బాత్ అనే బృందము పేరు వినగానే మన చదువరులు నొసలు ముడుస్తారు. ఆ బృందముతో 1980 నుండి చాలా ఏళ్ళు కీబోర్డు వాయించిన జెఫ్ నికల్స్‌ను ఎక్కువగా వేదిక ప్రక్కన, ప్రేక్షకులకు కనబడని చోటనే కూర్చోబెట్టేవారు. గిటారు మోతకు పేరుపడ్డ బృందములో కీబోర్డు కనబడితే ఆ ముద్ర చెడిపోతుందని భావము. శబ్దము కావాలి, మనిషి కనబడకూడదు! ఆయన 2017లో మరణించారు.

క్వీన్ బృందము తీరు కొంత వేరు. దాని గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పార్శీ కుటుంబములో పుట్టి, మహారాష్ట్రలోని పంచగని బోర్డింగు స్కూలులో చదువుకున్నవారు. అక్కడే పియానో వాయించేవారు. తమ సభల్లో చాలాకాలము ఆయనే పియానో వాయిస్తూ పాడేవారు. పాడుతూ వేదిక అంతా తిరగాలంటే మరొక మనిషి కావాలి. 1984 నుండి ఆ పనికి స్పైక్ ఎడ్నీ వచ్చారు. 1985 జూలై 13న ఇతియోపియా కరువు బాధితుల కోసము లండన్‌లోని వెంబ్లీ మైదానములో జరిగిన లైవ్ ఎయిడ్‌లో క్వీన్ చేసిన ఇరవై నిమిషాల కచేరీని ఈనాటికీ జనము చెప్పుకుంటారు. అక్కడ ఎడ్నీ కూడ ఉన్నారు. అంతే కాదు, ఆ సభకు క్వీన్ వస్తుందేమో కనుక్కోమని నిర్వాహకుడు బాబ్ గెల్డాఫ్ మొదట కబురు పంపినది ఎడ్నీ ద్వారానే. ఇరువైపులా నమ్మకము ఉన్న మనిషి కనుక ఆ రాయబారము ఆయనకు దక్కింది. మెర్క్యురీ 1991లో మరణించిన తరువాత కూడ ఎడ్నీ ఆ బృందముతో కొనసాగారు.

చెట్లు నాటే వాద్యకారుడు

చివరగా ఒక రైతును పరిచయము చేస్తాము. చక్ లెవెల్ 1952లో అమెరికాలోని అలబామా రాష్ట్రములో పుట్టారు. మొదటి గురువు తల్లే. తుఫాను వస్తే పియానో మీద ఎలా పలుకుతుందని ఆమె అడిగేది. పిల్లవాడు కీలు నొక్కి చూపేవాడు. ఇరవై ఏళ్ళకే ఆల్‌మన్ బ్రదర్స్ బృందములో చేరి పేరు తెచ్చుకున్నారు. 1982లో రోలింగ్ స్టోన్స్‌తో ఐరోపా పర్యటనకు వెళ్ళారు. మనము పైన చెప్పుకున్న ఇయన్ స్టూవర్ట్, ఈయన ఆ వేదికల మీద కలిసి వాయించారు. స్టూవర్ట్ పోయిన తరువాత ఆ బాధ్యత లెవెల్ భుజాల మీద పడింది. 2024 అమెరికా పర్యటనలోనూ, 72 ఏళ్ళ వయస్సులో, ఆయన వాయించారు.

ఆయన పని తీరు మన యౌవనస్థులు గమనించదగినది. ప్రతి పాట ఏ శృతి, ఏ వేగము, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఎవరు అందుకోవాలి అన్నదంతా చేతితో నోటు పుస్తకాల్లో వ్రాసుకుంటారు. రాత్రి ఏ పాట తరువాత ఏది పాడాలన్న వరుస తయారు చేయడములో గాయకుడు మిక్ జాగర్‌కు సహాయము చేస్తారు. ముందు నిలబడేవారికి ఏ పాట ఎలా మొదలవుతుందో అనుమానము వస్తే, చూసేది లెవెల్ ముఖమే.

1981లో ఆయన భార్య రోజ్ లేన్‌కు జార్జియా రాష్ట్రములో కుటుంబపు భూమి సంక్రమించింది. అమ్ముకోకుండా సాగు చేయాలని దంపతులు నిశ్చయించారు. పశువులైతే రోజూ చూడాలి. పంటలకూ అంతే. నెలల తరబడి ఇల్లు విడిచి తిరిగే వాద్యకారునికి అది కుదరదు. చెట్లైతే ఓపిక పడతాయి. కనుక పైన్ అడవి పెంచుదామనుకున్నారు. లెవెల్‌కు అడవుల పెంపకము తెలియదు. ఉత్తరాల ద్వారా నేర్పే కోర్సులో చేరి, సభలకు వెళ్ళే బస్సులోనే కూర్చుని పాఠాలు చదివారు! ఇప్పుడు వారి అడవి దాదాపు 4,000 ఎకరాలు. 1999లో దేశములోని శ్రేష్ఠమైన వృక్ష రైతులుగా ఆ దంపతులు బహుమానము అందుకున్నారు. పియానో కూడ చెట్టు నుండే వచ్చింది, తనకు అన్నము పెట్టిన దానికి తిరిగి ఇవ్వాలి అన్నది ఆయన భావము.

పైన్ మొక్క కలపకు రావడానికి ఇరవై ముప్పై ఏళ్ళు పడుతుంది. నాటినవారు నీడలో కూర్చుంటారన్న హామీ లేదు. వెలుగు పడని చోట వాయించి అలవాటు ఉన్నవారికి అది కష్టము కాలేదేమో!

మన కుటుంబాలకు

ఈ జీవితాలు చదివాక మాకు తోచిన నాలుగు మాటలు మీ ముందు ఉంచుతున్నాము.

ఒకటి. పెళ్ళిళ్ళకు, సభలకు మీ బిడ్డను వాయించడానికి పిలిస్తే, ఎంత ఇస్తారో, రానుపోను ఖర్చు ఎవరిదో ముందే స్పష్టముగా మాట్లాడుకోనివ్వండి. అది దురాశ కాదు. తరువాత వచ్చే మనస్పర్ధలకు ముందు కట్టే గట్టు.

రెండు. వేళ్ళ నైపుణ్యము ఒక్కటే చాలదు. రాత్రి ఎవరితో తిరుగుతున్నాడు, ఎన్ని గంటలకు నిద్రపోతున్నాడు, డబ్బు ఏమి చేస్తున్నాడు అని ప్రేమతో అడిగే మనిషి ఇంట్లో ఉండాలి. ప్రెస్టన్ వంటి ప్రతిభావంతుడే జారిపడగా, మన పిల్లలు ఎంత?

మూడు. సంగీతముతో పాటు మరొక ఆధారము ఉండనివ్వండి. అది అర ఎకరము కావచ్చు, ఒక కుట్టు మిషను కావచ్చు, చదువు కావచ్చు. లెవెల్‌కు అడవి ఉన్నది గనుక సభలు లేని నెలల్లోనూ ఆయనకు పని ఉన్నది, ఇల్లు ఉన్నది.

నాలుగు. ఇది వాద్యకారులకు కాదు, వినే మనకు. వెనుక ఉండి పని చేసేవారి పేరు తెలుసుకుని, బ్రతికి ఉండగానే ఒక మంచి మాట చెప్పుదాము. స్టూవర్ట్‌కు మూడేళ్ళు, ప్రెస్టన్‌కు పదిహేనేళ్ళు ఆలస్యమైనది. మనకు ఆ ఆలస్యము అక్కరలేదు.